మట్టి తవ్వే మిషన్ – మీటరు లెక్క

చింతమడక సిద్దిపేట దగ్గరి ఊరు. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడింది. అంతకు ముందు ఈ ఊరు మెదక్ జిల్లాలో ఉండేది.

ఎండాకాలం. ఊరి బయట ఒక చెలక. అది ఒక అత్తాకోడళ్ళది. చెలక నిండా సర్కారు తుమ్మ పెరిగింది. ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం. వాన పడితే నీళ్ళు నిలవవు. మట్టిని కూడా కోసుకుని పోతాయి.

అత్తాకోడళ్ళు ఆలోచించారు. తుమ్మ మొద్దులు తీయించాలి. నేల సదును చేయించాలి. పల్లంలో ఒక కుంట తవ్వించాలి. కుంట 25 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు. అందుకని జేసీబీని పిలిచారు.

పొద్దున్నే జేసీబీ వచ్చింది. నడిపే పిల్లవాడు కిందికి దిగాడు. ఇరవై ఏళ్ళు దాటి ఉంటాయి.

“గంటకు ఎంత తీస్కుంటవ్ తమ్మీ?” అని అత్త అడిగింది.

“పన్నెండు వందలు పెద్దమ్మా. ఇక్కడంత గదే రేటు.”

“రాను పోను కిరాయి మళ్ళ వేరే అడుగుతవా?”

“అడుగ. పక్క ఊరి నుంచే గదా వచ్చిన.”

“గంటలు ఎట్ల లెక్క పెడతవ్?”

“మీటరుంటది పెద్దమ్మా. మీటరు ఎంత చూపిస్తే గంత.”

“అయితే జర ఆగు. మీటరు చూస్త.”

పిల్లవాడు నవ్వాడు. “నీకు మీటరు సదువొస్తదా?” అన్నాడు.

అత్త జవాబు చెప్పలేదు. ఆమె ఈ మధ్యనే చదవడం, రాయడం నేర్చుకుంది. చీర కొంగు నడుముకు చుట్టింది. మెట్టు మీద కాలు పెట్టి పైకి ఎక్కింది. మీటరు మీద అంకెలు ఉన్నాయి. ఒక్కొక్కటే చదివింది. 3418.6. కోడలు ఆ అంకెలను చిన్న పుస్తకంలో రాసింది. పక్కనే టైము రాసింది. ఉదయం 7 గంటల 40 నిమిషాలు.

తర్వాత పని మొదలైంది.

మూడు పేర్లు, మూడు దేశాలు

మట్టి తవ్వే మిషన్లను మీరు చూసే ఉంటారు. వాటిని మన ఊళ్ళలో జేసీబీ అంటారు, పొక్లెయిన్ అంటారు, ఇటాచి అంటారు. ఈ మూడూ మిషన్ పేర్లు కావు. కంపెనీల పేర్లు. వనస్పతి నెయ్యిని ఏ కంపెనీదైనా డాల్డా అన్నట్టు, బట్టల సబ్బు పొడి ఏదైనా సర్ఫ్ అన్నట్టు, ఇవి కూడా అలా వాడుకలోకి వచ్చాయి.

జేసీబీ అంటే జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్. ఇంగ్లండు దేశంలో 1945లో ఆయన ఆ కంపెనీ పెట్టాడు. ఆయన పేరులోని మొదటి అక్షరాలే కంపెనీ పేరు అయ్యాయి. పొక్లెయిన్ ఫ్రాన్సు దేశపు కంపెనీ. ఇటాచి అని మనం అనేది హిటాచీ. అది జపాను దేశపు కంపెనీ. ఇప్పుడు ఈ రకం మిషన్లు మన దేశంలోనే తయారవుతున్నాయి.

మన వాడుకలో ఒక తేడా మాత్రం ఉంది. నాలుగు టైర్లతో రోడ్డు మీద పరుగెత్తేది జేసీబీ. దానికి రెండు చేతులు. ముందు పెద్ద తొట్టి, వెనుక పొడుగు చెయ్యి. టైర్లు లేకుండా ఇనుప చైన్ల మీద మెల్లగా పాకేది పొక్లెయిన్. దానికి ఒకటే చెయ్యి. కానీ ఆ మిషన్ నడుము దగ్గర గుండ్రంగా తిరుగుతుంది. ఒక చోట నిలబడి నాలుగు దిక్కులా తవ్వగలదు. జేసీబీ వెనుక చెయ్యి అటు సగం, ఇటు సగం మాత్రమే తిరుగుతుంది.

మన చెయ్యి లాంటిదే

మీ కుడి చెయ్యి ముందుకు చాపండి. భుజం నుంచి మోచేయి దాకా ఒక ఎముక. మోచేయి నుంచి మణికట్టు దాకా ఇంకొక భాగం. చివర అరచెయ్యి, వేళ్ళు. మిషన్ చెయ్యి కూడా ఇంతే. భుజం దగ్గరి భాగాన్ని బూమ్ అంటారు. మోచేయి ముందరి భాగాన్ని ఆర్మ్ అంటారు. అరచెయ్యి ఉన్న చోట బకెట్ ఉంటుంది. బకెట్ అంచుకు ఇనుప పళ్ళు. అవి అరిగితే మళ్ళీ కొత్తవి వేస్తారు. పళ్ళు అరిగిన మిషన్ గట్టి నేలలో మెల్లగా తవ్వుతుంది. గంటల లెక్కన డబ్బు ఇచ్చేవాళ్ళు ముందు ఆ పళ్ళ వైపు ఒకసారి చూడాలి.

మన చెయ్యి కదలడానికి కండలు ఉన్నాయి. మిషన్ చేతికి కండలు ఏవి? చెయ్యి పక్కన మెరిసే ఉక్కు కడ్డీలు కనబడతాయి. అవి గొట్టాలలోంచి బయటికి వస్తాయి, లోపలికి పోతాయి. అవే దాని కండలు. ఆ గొట్టాలలో నూనె ఉంటుంది. ఇంజను ఒక పంపును తిప్పుతుంది. పంపు నూనెను గొట్టంలోకి తోస్తుంది. నూనె ఉక్కు కడ్డీని తోస్తుంది. కడ్డీ చేతిని కదుపుతుంది.

ఆ అత్త మనవడు బడిలో దీన్ని చేసి చూపించాడు. సూది లేని సిరంజీలు రెండు తీసుకున్నాడు. ఒకటి సన్నది, ఒకటి లావుది. రెంటికీ మధ్య సన్నని రబ్బరు గొట్టం పెట్టి నీళ్ళు నింపాడు. సన్న సిరంజీని వేలితో నొక్కితే లావు సిరంజీ పైకి లేచింది. దాని మీద పెట్టిన పుస్తకాల కట్టను కూడా లేపింది. “చిన్న బలం పెద్ద బలం అయితది నానమ్మా. కానీ సన్నది చాన దూరం పోతే లావుది జరంతనే లేస్తది” అన్నాడు. ఫ్రాన్సు దేశపు పాస్కల్ అనే ఆయన 1600ల కాలంలోనే ఈ సంగతి కనుక్కున్నాడు. అట్ట ముక్కలతో చేసిన పిల్లవాడి బొమ్మలోనూ, కొండలు తవ్వే మిషన్‌లోనూ పనిచేసే సూత్రం ఒక్కటే.

మిషన్ గొట్టాలలో నూనె ఒత్తిడి చాలా ఎక్కువ. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి అది వంద రెట్లకు పైనే. అందుకే ఎక్కడైనా పైపుకు సన్నని చిల్లు పడి నూనె చిమ్ముతుంటే చేత్తో ముట్టకూడదు. ఆ సన్నని ధార సూదిలా చర్మంలోకి దిగుతుంది. పైకి చిన్న గాటే కనబడుతుంది. లోపల చెయ్యి పాడవుతుంది. వెంటనే ఆస్పత్రికి పోవాలి.

నడపడం ఎలా?

జేసీబీ తవ్వే ముందు రెండు ఇనుప కాళ్ళు దించుతుంది. వెనుక టైర్లు కొంచెం పైకి లేస్తాయి. అప్పుడు మిషన్ ఊగదు. కాళ్ళు దించకుండా తవ్వితే మిషన్ పక్కకు ఒరగవచ్చు.

పొక్లెయిన్‌లో రెండు చేతులకు రెండు లివర్లు ఉంటాయి. మామూలుగా ఎడమ చేతి లివరుతో మిషన్ నడుము తిరుగుతుంది, ఆర్మ్ ముందుకు వెనుకకు పోతుంది. కుడి చేతి లివరుతో బూమ్ లేస్తుంది, దిగుతుంది. బకెట్ ముడుచుకుంటుంది, తెరుచుకుంటుంది. ముందుకు నడవడానికి కాళ్ళ దగ్గర వేరే పెడళ్ళు ఉంటాయి. బాగా నేర్చిన ఆపరేటరు రెండు చేతులనూ ఒకేసారి వాడతాడు. బకెట్ నింపుతూనే బూమ్ లేపుతాడు. లేపుతూనే తిరుగుతాడు. నింపి, తిరిగి, పోసి, మళ్ళీ గుంటలోకి రావడానికి సుమారు 20 సెకన్లు పడుతుంది. కొత్తవాడికి దానికి రెట్టింపు పడుతుంది. గంటకు రేటు ఇద్దరికీ ఒకటే. ఈ మాట గుర్తు పెట్టుకుని మిషన్‌ను పిలవాలి.

లివరు కదపడానికి కండబలం అక్కర లేదు. కన్ను, చెయ్యి, ఓపిక కావాలి. మగ్గం మీదా, కుట్టు మిషన్ మీదా కుదిరే చేతులకు ఇది కుదరకుండా పోదు. మన ఊళ్ళలో ఆ సీటులో ఆడవాళ్ళు కనబడకపోవడానికి కారణం బలం కాదు. నేర్పేవాళ్ళు లేకపోవడం.

తట్టలతో లెక్క

అత్త చెట్టు నీడన కూర్చుని చూస్తూ ఉంది. తుమ్మ మొద్దును మిషన్ వేళ్ళతో సహా పీకింది. ఆమెకు కరువు పని రోజులు గుర్తొచ్చాయి. పెళ్ళయిన కొత్తలో చెరువు కట్ట మీద మట్టి మోసింది. మగవాళ్ళు గడ్డపారతో తవ్వేవాళ్ళు. ఆడవాళ్ళు తట్టలతో కట్ట మీదికి ఎక్కించేవాళ్ళు. సాయంత్రానికి మెడ నరాలు పట్టేసేవి. అయినా ఆ పని ఉన్నందుకే ఇంట్లో పొయ్యి వెలిగింది.

“ఒక్క బకెట్ల ఎన్ని తట్టల మట్టి వస్తది బిడ్డా?” అని కోడలిని అడిగింది.

కోడలు లెక్క వేసింది. తట్ట మట్టి 20 కిలోలు అనుకుందాం. జేసీబీ వెనుక బకెట్‌లో సుమారు 400 కిలోల మట్టి పడుతుంది. అంటే 20 తట్టలు. జేసీబీ ముందు తొట్టి ఇంకా పెద్దది. దానితో మూడు సార్లు పోస్తే ట్రాక్టరు ట్రాలీ నిండుతుంది. చెరువులో పనిచేసే 20 టన్నుల పొక్లెయిన్ బకెట్‌లో ఒక్కసారికి సుమారు 70 తట్టల మట్టి పడుతుంది.

ఇక కుంట సంగతి. 25ను 25తో గుణిస్తే 625. దాన్ని లోతు 5తో గుణిస్తే 3125. అంటే 3125 ఘనపు అడుగుల మట్టి. ట్రాలీకి 100 ఘనపు అడుగులు చొప్పున 31 ట్రాలీలు. తట్టల లెక్కలో సుమారు 7000 తట్టలు. అత్త నోట మాట రాలేదు. ఆ 7000 తట్టల మట్టిని మిషన్ మధ్యాహ్నానికి తీసేస్తుంది.

ఇది సంతోషించే మాటా, బాధ పడే మాటా? రెండూ. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ఆ డ్యామును వేల మంది కూలీలు రాయి మీద రాయి పేర్చి కట్టారు. వాళ్ళలో ఆడవాళ్ళు ఎందరో. మన సిద్దిపేట జిల్లాలో చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్ ఉంది. 3 టీఎంసీల నీళ్ళు పట్టే జలాశయం. 2020 ఏప్రిల్ 24న అందులోకి నీళ్ళు వదిలారు. దానికన్నా చాలా పెద్దది మల్లన్న సాగర్, 50 టీఎంసీలది. దాన్ని 2022 ఫిబ్రవరి 23న ప్రారంభించారు. ఆ కట్టల మట్టిని ఎత్తి పోసింది మిషన్లే. మల్లన్న సాగర్ కింద ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అక్కడ ఇళ్ళు కూలినప్పుడు కూడా జనం చూసింది ఇలాంటి మిషన్లనే. మిషన్‌కు ఇది మంచి, ఇది చెడు అని తెలియదు. ఎవరు పిలిస్తే వాళ్ళ పని చేస్తుంది.

చెరువులు, బావులు తవ్వడంలో ఆరితేరిన వడ్డెర వాళ్ళకు ఈ మిషన్లు వచ్చాక పని తగ్గింది. 2005లో చేసిన ఉపాధి హామీ చట్టంలో ఒక ముఖ్యమైన మాట రాశారు. ఆ పథకం పనులను వీలైనంత వరకు మనుషులే చేయాలి, కూలీల పని పోగొట్టే మిషన్లు పెట్టకూడదు, కాంట్రాక్టర్లు ఉండకూడదు అని. ఆ పథకంలో రాత్రి పూట మిషన్‌తో తవ్వించి, పగలు కూలీల పేర్లు రాసుకున్నారనే ఫిర్యాదులు చాలా చోట్ల వచ్చాయి. మస్టరులో తమ పేరు తాము చదవగలిగిన చోట అలాంటి దొంగ లెక్క నడవడం కష్టం.

చిన్నవీ పెద్దవీ

మిషన్ సైజును దాని బరువుతో చెబుతారు. 2, 3 టన్నుల చిన్న మిషన్లు ఉన్నాయి. ఇరుకు సందులలో మోరీలు, పైపుల కాలువలు తవ్వడానికి అవి బాగుంటాయి. మామూలు జేసీబీ 7, 8 టన్నులు ఉంటుంది. సుమారు 15 అడుగుల లోతు దాకా తవ్వగలదు. 2016 ఆగస్టు 7న మన జిల్లాలోని కోమటిబండ దగ్గర మిషన్ భగీరథను ప్రారంభించారు. ఆ మంచినీళ్ళ పైపులు ఊళ్ళలోకి వచ్చినప్పుడు వీధి వీధినా కందకాలు తీసింది ఎక్కువగా జేసీబీలే. వెనుక బకెట్ విప్పి, రాయి పగలగొట్టే బ్రేకరును కూడా దానికి తగిలించవచ్చు.

చెరువు పూడిక తీయడానికి 20 టన్నుల పొక్లెయిన్ వస్తుంది. సుమారు 21 అడుగుల లోతు తవ్వుతుంది. దాని చెయ్యి 30 అడుగులకు పైగా చాస్తుంది. అంత బరువు మిషన్ చెరువు బురదలో ఎందుకు దిగబడదు? పలక మీద నిలబడితే బురదలో కాలు దిగదు కదా. చైన్లు పలక లాంటివి. బరువును వెడల్పుగా పరుస్తాయి. ఒక మనిషి ఒంటికాలి మీద నిలబడితే ఆ పాదం కింద నేలకు ఎంత ఒత్తిడి తగులుతుందో, 20 టన్నుల మిషన్ కింద కూడా దాదాపు అంతే తగులుతుంది. సింగరేణి ఓపెన్ కాస్టు గనులలో ఇంతకన్నా ఎన్నో రెట్లు పెద్ద షవల్ మిషన్లు ఉన్నాయి.

పొక్లెయిన్ రోడ్డు మీద సొంతంగా దూరం పోదు. లారీ మీద ఎక్కించి తేవాలి. ఆ కిరాయి కూడా మన మీద పడుతుంది. డీజిలు కూడా ఎక్కువ తాగుతుంది. అందుకని ఎకరం చెలక సదును చేయడానికి పొక్లెయిన్‌ను పిలవడం మేకపిల్లను కట్టడానికి మోకు తెచ్చినట్టు.

చెరువులో దిగినప్పుడు

2015 మార్చి 12న తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైంది. చెరువులలో పూడిక తీసే పని అది. కాకతీయుల కాలంలో రామప్ప, పాకాల వంటి చెరువులు తవ్వించారు. అందుకే ఆ పేరు పెట్టారు. ఊరూరా పొక్లెయిన్లు చెరువులలో దిగాయి. పూడిక మట్టిని రైతులు ట్రాక్టర్లలో చెలకలకు తోలుకున్నారు. పూడిక మట్టి వేసిన చెలకలో తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఎరువు ఖర్చు తగ్గుతుంది.

చెరువులో మిషన్ దిగితే ఊరి ఆడవాళ్ళు కట్ట మీదికి వెళ్ళి చూడాలి. పూడిక నల్లగా, మెత్తగా ఉంటుంది. దాని కింద నీళ్ళను ఆపే గట్టి జిగురు మన్ను ఉంటుంది. దాన్ని కూడా తవ్వి మొరం దాకా పోతే చెరువులో నీళ్ళు నిలవవు. భూమిలోకి ఇంకిపోతాయి. కొన్ని చోట్ల పూడిక పేరు చెప్పి మొరం అమ్ముకునేవాళ్ళు కూడా ఉంటారు. మట్టి రంగు నలుపు నుంచి ఎరుపుకు మారితే అడగాలి. కట్ట మొదట్లో తవ్వనివ్వకూడదు. కట్ట బలం పోతుంది.

ఇంకొక సంగతి అన్నిటికన్నా ముఖ్యమైనది. మిషన్ నిలువుగా తవ్వి వదిలేసిన గుంట ఎండాకాలంలో కళ్ళకు కనబడుతుంది. వానాకాలంలో నీళ్ళు నిండితే కనబడదు. మోకాలు లోతు అనుకుని పిల్లవాడు అడుగు వేస్తాడు. రెండో అడుగుకు నేల ఉండదు. అలాంటి గుంటలలో పిల్లలు మునిగిపోయిన వార్తలు మళ్ళీ మళ్ళీ వింటున్నాం. బతుకమ్మను సాగనంపడానికి ఆడవాళ్ళు చీకటి పడే వేళ చెరువులో దిగుతారు. చేతిలో బతుకమ్మ ఉంటే కింద అడుగు కనబడదు. కాబట్టి బతుకమ్మలు వేసే చోట, పశువులు దిగే చోట, బట్టలు ఉతికే చోట మిషన్‌ను లోతు తవ్వనివ్వకూడదు. తవ్వితే మెల్లగా దిగే వాలు పెట్టించాలి. మిషన్ ఉన్నప్పుడే ఆ పని చేయించాలి. మిషన్ వెళ్ళిపోయాక మళ్ళీ పిలిచినా రాదు.

అత్తాకోడళ్ళు తమ కుంటకు కూడా ఒక వైపు వాలు పెట్టించారు. మిగతా మూడు వైపులా పీకిన తుమ్మ కంపనే అడ్డం వేయించారు.

పని జరుగుతున్నప్పుడు పిల్లలను దగ్గరికి రానివ్వలేదు. మిషన్ నడిపే వాడికి వెనుక వైపు సరిగా కనబడదు. చెయ్యి ఉన్న పక్క కూడా కొంత కనబడదు. పొక్లెయిన్ అయితే దాని వెనుక భాగం గిర్రున తిరుగుతుంది. మిషన్‌కూ గోడకూ మధ్య నిలబడిన మనిషి నలిగిపోతాడు. చెయ్యి చాపితే అందే దూరం ఎంతో, అంతకన్నా ఎక్కువ దూరంలో నిలబడాలి. పైన కరెంటు తీగలు ఉంటే ముందే చూపించాలి. తీగకు బూమ్ తగిలితే మిషన్ అంతా కరెంటు పాకుతుంది. అప్పుడు దాన్ని ముట్టుకోవడానికి ఎవరూ పరుగెత్తకూడదు. లైన్‌మన్‌కు ఫోను చేసి కరెంటు తీయించాలి. మనిషి ఎత్తు కందకంలోకి దిగి ఎవరూ మట్టి సర్దకూడదు. కొత్తగా కోసిన అంచు చప్పుడు లేకుండా కూలుతుంది.

నాలుగు పాయింటు అయిదు

పదకొండు గంటలకు ఆపరేటరుకు ఫోను వచ్చింది. సీటులోనే కూర్చుని మాట్లాడుతున్నాడు. ఇంజను గుడగుడమంటూనే ఉంది. అత్త లేచి మిషన్ దగ్గరికి నడిచింది. అతనికి కనబడే చోట, దూరంగా నిలబడి చెయ్యి ఊపింది.

“ఇంజను బంద్ చెయ్ తమ్మీ. నీ ముచ్చటకు నా మీటరు తిరుగుతున్నది.”

అతను నాలుక కరుచుకుని ఇంజను ఆపాడు. మీటరు తవ్విన మట్టిని లెక్క పెట్టదు. ఇంజను నడిచిన సేపును లెక్క పెడుతుంది. ఈ సంగతి చాలా మందికి తెలియదు.

మధ్యాహ్నానికి పని అయిపోయింది. అత్త మళ్ళీ మెట్టు ఎక్కి మీటరు చూసింది. 3423.1. కోడలు కింద రాసి, పై అంకెను తీసివేసింది.

3423.1లో నుంచి 3418.6 పోతే 4.5.

“నాలుగు గంటల యాభై నిమిషాలు పెద్దమ్మా. అయిదు గంటలే అనుకో. ఆరు వేలియ్యి” అన్నాడు ఆపరేటరు.

కోడలు అత్త వైపు చూసింది. అత్త కాసేపు ఆలోచించింది. తర్వాత అంది:

“నేను పాల కేంద్రంల పాలు పోస్త. చీటిల 4.5 లీటర్లు అని రాస్తరు. నాలుగున్నర లీటర్లకే పైసలిస్తరు. అయిదు లీటర్లకు ఇయ్యరు. మీటరు మీద కూడ గదే పాయింటు గదా తమ్మీ?”

పిల్లవాడు తల గోక్కున్నాడు. అతను మోసం చేయాలని అన్నాడో, అతనికే తెలియదో చెప్పలేం. మిషన్ నడిపేవాళ్ళలో కూడా పాయింటు తర్వాతి అంకెను నిమిషాలు అనుకునేవాళ్ళు ఉన్నారు.

అసలు లెక్క ఇది. మీటరు గంటను 10 భాగాలు చేస్తుంది. గంటకు 60 నిమిషాలు. పదో భాగం అంటే 6 నిమిషాలు. పాయింటు తర్వాత 1 ఉంటే 6 నిమిషాలు. 2 ఉంటే 12 నిమిషాలు. 5 ఉంటే 30 నిమిషాలు, అంటే అర గంట. 9 ఉంటే 54 నిమిషాలు. పాత మీటర్లలో ఈ చివరి అంకె వేరే రంగులో ఉంటుంది. కొన్నిటిలో పాయింటు చుక్క అరిగిపోయి కనబడదు. అప్పుడు 3423.1ని 34231 అని చదువుతాం. అలాంటప్పుడు చివరి అంకె ఏదో ముందే అడిగి తెలుసుకోవాలి.

గంటకు 1200 రూపాయలు అయితే ఆ 6 నిమిషాల ఖరీదు 120 రూపాయలు. ఒక ఫోను ముచ్చట ఖరీదు అది.

నాలుగున్నర గంటలకు 5400 రూపాయలు. కోడలు లెక్క పెట్టి ఇచ్చింది. తారీఖు, రెండు మీటరు అంకెలు, గంటలు, డబ్బు రాసిన కాగితం మీద ఆపరేటరు సంతకం చేశాడు. అత్త కూడా సంతకం చేసింది.

“మిమ్ముల చూస్తే ఇగ జాగ్రత్తగ ఉండాలె” అన్నాడు నవ్వుతూ. అత్త చల్ల తెచ్చి ఇచ్చింది.

కొనడం వేరు, పిలవడం వేరు

2019 జూలై 22న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు చింతమడకకు వచ్చారు. అది ఆయన పుట్టిన ఊరు. ఊళ్ళో ఒక్కొక్క కుటుంబానికి 10 లక్షల రూపాయల సాయం అందిస్తామని ప్రకటించారు. అంత డబ్బు మాట వింటే ఎవరికైనా ఒక ఆలోచన వస్తుంది. ముగ్గురు నలుగురం కలిస్తే ఒక జేసీబీ వస్తుంది కదా, గంటకు వెయ్యికి పైనే కదా అని.

వచ్చే డబ్బు కనబడుతుంది. పోయే డబ్బు కనబడదు. జేసీబీ గంటకు 4, 5 లీటర్ల డీజిలు తాగుతుంది. ఆపరేటరుకు జీతం ఇవ్వాలి. ఇన్ని గంటలకు ఒకసారి అని నూనె, ఫిల్టర్లు మార్చాలి. టైర్లు, పళ్ళు, పైపులు అరుగుతాయి. బీమా కట్టాలి. అప్పు తెచ్చి కొంటే నెల నెలా కిస్తీ ఉంటుంది. వానాకాలంలో మడులలో నాట్లు పడితే మిషన్‌కు పని ఉండదు. కిస్తీ మాత్రం ఆగదు. పక్క ఊళ్ళలో ఇప్పటికే ఎన్ని మిషన్లు ఉన్నాయి, ఏడాదిలో ఎన్ని నెలలు పని దొరుకుతుంది అని తిరిగి కనుక్కోకుండా ఇందులో దిగకూడదు. సంఘం తరఫున కొనాలనుకున్నా అంతే. మీటరు పుస్తకం, డీజిలు పుస్తకం రెండూ సంఘం చేతిలో ఉండాలి. మీటరు 5 గంటలు తిరిగితే డీజిలు 40 లీటర్లు ఎందుకు పోయిందో అప్పుడు అడగగలుగుతారు.

చేసి చూడండి

పొద్దున మీటరు 5207.8 ఉంది. పని అయ్యాక 5213.4 ఉంది. మిషన్ ఎన్ని గంటలు, ఎన్ని నిమిషాలు నడిచింది? గంటకు 1200 రూపాయల చొప్పున ఎంత ఇవ్వాలి?

ఆ రోజు ట్రాక్టరు కోసం మిషన్ ఇంజను ఆపకుండా 18 నిమిషాలు ఎదురు చూసింది. మీటరులో అది ఎంత కనబడుతుంది? దానికి అయిన డబ్బు ఎంత?

మీ ఊరి చెరువులో బతుకమ్మలు వేసే చోట నీళ్ళ కింద నేల ఎలా ఉంది? ఎండాకాలంలో వెళ్ళి చూసి, మీ సంఘం పుస్తకంలో రాయండి.